వద్దనలేని పెద్దమనిషి

గిద్దలూరు బజారులో నాగభూషణం కిరాణా అంగడి ఉంది. అక్కడ ఉప్పు దొరుకుతుంది, చింతపండు దొరుకుతుంది, అడిగితే గుగ్గిలం కూడా దొరుకుతుంది. దొరకని సరుకల్లా ఒకటే. ‘లేదు’ అనే మాట. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. బెల్లం అయిపోతే పొద్దున రా తల్లీ అంటారు. మూడు తరాలుగా ఆ గడప తొక్కని ట్రాక్టరు టైరు అడిగినా సరే, తెప్పిద్దామంటారే తప్ప గిరాకీని ఎదురుమాటతో పంపరు.

ఇది నాగభూషణం తల్లి దుర్గాంబ పెట్టిన నియమం. “అంగట్లో కూర్చున్నోని నోట లేదు, కాదు, వద్దు అనే మాటలు రాగూడదు నాయనా. లచ్చిందేవి గడపలోనే నిలబడి వింటా ఉంటది. విని, సరే నాకిక్కడ ఏం పని అని పక్కంగడికి పోతది” అని కొడుకు అక్షరాలు దిద్దే వయసులోనే నూరిపోసింది. సరుకుతో మొదలైన నియమం మెల్లగా అన్నిటికీ పాకింది. సంబంధం అడగడానికి వచ్చినా, పొలానికి దారి అడగడానికి వచ్చినా ఆ ఇంట్లో ఒకటే జవాబు, ‘చూద్దాం’. ఆ మాట వినగానే వచ్చినవాడు కాఫీ తాగేసి, తువ్వాలు దులుపుకుని లేస్తాడు. ఆ చుట్టుపక్కల దానికి అర్థం తెలియనివాడు లేడు. రెండోసారి అడిగినవాణ్ణి వెర్రివాడి కింద జమకట్టేవాళ్లు.

నాగభూషణం ఒట్టి కొట్టువాడు కాడు. ఎంసీఏ చదివాడు. తండ్రి పోయాక అంగట్లో కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నవాడు ఊరుకోలేక, బేరాల్లేని మధ్యాహ్నాల్లో కాటా పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఒక కంప్యూటర్ భాషనే తయారుచేశాడు. ఇంగ్లీషు రాని పిల్లలు తెలుగు మాటలతో కంప్యూటర్‌కు పని చెప్పే భాష. సోలలో నాలుగో వంతు గిద్ద కదా, చిన్న చేతులకు చిన్న కొలత చాలని దానికి ‘గిద్ద’ అని పేరు పెట్టాడు. దాని కోడంతా ఇంటర్నెట్‌లో బయట పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా తప్పు దిద్ది పంపవచ్చు, కొత్త ప్రతిపాదన పెట్టవచ్చు. వచ్చినదాన్ని లోపలికి చేర్చుకునే తాళం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆవును దానమిచ్చి పలుపు చేతిలో పట్టుకున్నట్టన్నమాట.

గిద్దలో పిల్లలు రాసింది తప్పయితే అది కూడా ‘లేదు’ అనదు. అడిగిన పేరు కనపడకపోతే ‘ఇంకోసారి చూడండి’ అంటుంది. దుర్గాంబ పెంపకం అంతదూరం పోయింది.

పదకొండేళ్లలో గిద్ద మార్కాపురం, కంభం బడుల్లోంచి హైదరాబాదు దాకా, బెంగుళూరు దాకా పాకింది. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు సెలవు రోజుల్లో దానికి మరమ్మతులు చేసి పంపేవాళ్లు. “ఇట్లాంటి భాషల్ని నడిపే పెద్దలు ఎదుటివాణ్ణి చీల్చి చెండాడతారు. నాగభూషణం గారు ఒక్కరిని కసిరింది లేదు” అని చెప్పుకునేవాళ్లు. నిజమే. ఆయన ఎవరినీ కసరలేదు. నూటనలభై ప్రతిపాదనలను ఒక్క కసురు లేకుండా చంపాడు. ‘చాలా బాగుంది, చూద్దాం’ అని రాసేవాడు. పంపినవాళ్లు కొన్నాళ్లు ఎదురుచూసి, వాళ్లంతట వాళ్లే నీరుగారిపోయేవాళ్లు. తాను ఎవరినీ కాదనలేదన్న తృప్తితో ఈయన హాయిగా భోంచేసేవాడు.

అలా చచ్చినవాటిలో కోటిరత్నం ప్రతిపాదన ఒకటి.

కోటిరత్నం అర్ధవీడు పిల్ల. తండ్రి మాలకొండయ్యకు నాలుగెకరాల మెట్ట, కొన్ని గొర్రెలు ఉన్నాయి. ఆ పిల్ల ఇంటర్ చదివేటప్పుడు ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి, నాగభూషణం అంగడి వెనక గదిలో, మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ గిద్ద నేర్చుకుంది. ఆయన్ని చిన్నాయనా అని పిలిచేది. తనకు తెలిసిందంతా ఆయన ఆ పిల్లకు దాచుకోకుండా చెప్పాడు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. డిగ్రీ అయ్యాక ఆమె ఒక పని తలకెత్తుకుంది. అర్ధవీడు పిల్లలకు కంప్యూటర్లు ఎక్కడివి? అమ్మానాన్నలు పనులకు వలసపోతూ ఇంట్లో వదిలిన సెల్‌ఫోన్లున్నాయి. గిద్ద సెల్‌ఫోన్‌లో నడిస్తే చాలు. దానికోసం ఆమె పద్నాలుగు నెలలు కూర్చుని గిద్ద గుండెకాయను మళ్లీ రాసింది. పిల్లలు రాసిన మాటల్ని చదివి అర్థం చేసుకునే భాగం అది. నాగభూషణం మూడేళ్లు పడి కట్టుకున్న భాగం.

ఆమె పంపింది ఆయన కాటా పక్కన కూర్చుని చదివాడు. మొదటి పేజీ అయ్యేసరికి సంగతి తెలిసిపోయింది. బాగుంది. బాగుంటే బాగుండనీ, తన దానికంటే బాగుంది. తాను పదివేల వరుసల్లో చేసిన పనిని ఆ పిల్ల రెండువేలల్లో చేసి పడేసింది. దాన్ని చేర్చుకుంటే గిద్దలో తన చేతి రాత పేరుకైనా మిగలదు. కంట్లో నలుసు పడ్డట్టు కాసేపు రెప్పలార్పి, నెమ్మదిగా టైప్ చేశాడు. ‘చాలా బాగుందమ్మా. చూద్దాం.’

ఆ వేసవిలోనే బెంగుళూరులో ఒక సంస్థ కోటిరత్నాన్ని పిలిచింది. ఆ పని గిద్దలో అధికారికంగా చేరితే రెండేళ్లు జీతమిచ్చి పై చదువు చెప్పిస్తామంది. జూన్ నెలాఖరు గడువు. కోటిరత్నం ఎండలో బస్సు దిగి నేరుగా అంగడికి వచ్చింది.

“చిన్నాయనా, నెలాఖరు లోపల అయితదా? తప్పులేమన్నా ఉంటే చెప్పు, కూసోని దిద్దుకుంటా.”

“తప్పులేందమ్మా, బంగారం మాదిరి ఉంది. ముందు మజ్జిగ తాగు.”

“అయితే చేరుస్తావా?”

“ఎందుకు చేర్చం? చూద్దాం” అన్నాడు నాగభూషణం. వెళ్లేటప్పుడు పొట్లం కట్టి బెల్లం కూడా ఇచ్చాడు.

జూన్ మూడోవారంలో మాలకొండయ్య వచ్చాడు. అంగడి మెట్టు కింద చెప్పులు విడిచి, పైకెక్కకుండా నిలబడి అడిగాడు.

“బూషణం, పిల్లది అన్నం సక్రంగ తినడంలా. అదేందో నీ చేతిలో ఉందంట గదా. చేసేదుంటే చెయ్యి, లేకుంటే లేదని చెప్పు. దాని దోవ అది చూసుకుంటది.”

ఇంత సూటిగా అడిగినవాడు ఆ అంగడి ముందుకు అదివరకు రాలేదు. నాగభూషణం కాటా పళ్లెం తుడిచాడు. పక్కన దుర్గాంబ వక్కలు ఏరుతూ కొడుకు నోటివంకే చూస్తోంది.

“అంత మాటెందుకన్నా. మన పిల్లే గదా. చూద్దాం.”

మాలకొండయ్య తువ్వాలు దులుపుకుని, చెప్పులు వేసుకుని బస్టాండుకు నడిచాడు. ఇంటికి పోయి కూతురికి చెప్పాడు. “లేదంటమ్మా.”

“అట్ల అన్నాడా నాయనా?”

“అనలా. చూద్దామన్నాడు.”

“మరి? చూద్దామన్నాడు గదా. వస్తదిలే” అంది కోటిరత్నం.

ఊరంతటికీ తెలిసిన అర్థం ఆ పిల్లకు తెలియక కాదు. తెలిసీ నమ్మలేదు. చిన్నాయన ఊళ్లోవాళ్లతో అలా అంటాడు గానీ నాతో అంటాడా అనుకుంది. పొద్దున్నే నీళ్లకు పోకముందు ఫోను తెరిచి చూసేది. జూన్ ముప్పై వచ్చింది, పోయింది. జూలై పదో తేదీ దాకా కూడా చూసింది. తర్వాత హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో రోగులకు ఫోన్లో టైము ఇచ్చే ఉద్యోగంలో చేరింది. వినాయక చవితికి నాగభూషణం ఆమెకు పూల బొమ్మతో శుభాకాంక్షలు పంపాడు.

మూడేళ్లు గడిచాయి. ఈ మూడేళ్లలో కోటిరత్నం ఊరుకోలేదు. తన సెల్‌ఫోను గిద్దను విడిగా బయట పెట్టింది. కోడ్ అందరిదీ కాబట్టి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే దాని మీద గిద్ద అన్న పేరు వేసుకునే హక్కు లేదు, బడులు పాఠాల్లో పెట్టే అధికారిక గిద్ద అది కాదు. అయినా గిద్ద వాడే పదిమందిలో ఏడుగురు ఆమె దాన్నే వాడసాగారు.

అప్పుడు నగరాలవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. ఇంత పెద్ద భాష ఒక్క మనిషి చేతిలో ఉంటే ఎలా, రేపు ఆయనకు ఏమైనా అయితే ఏమిటి, ఒక సంఘం ఉండాలి, నిబంధనలు ఉండాలి అన్నారు. నాగభూషణం వద్దంటాడా? తానే కూర్చుని నిబంధనలు రాశాడు. ఐదుగురు సభ్యులు, వాడకందార్లే ఎన్నుకోవాలి. ఏడో నిబంధన రాసినప్పుడు తన తెలివికి తానే మురిసిపోయాడు. ఏ ప్రతిపాదన అయినా పదిహేను రోజులు అందరి ముందూ ఉంటుంది. ఐదుగురిలో ఏ ఒక్కరు ‘వద్దు’ అని రాసినా ఆగిపోతుంది. ఎవరూ రాయకపోతే చెల్లినట్టే, పదహారో రోజున దానంతటదే అమల్లోకి వస్తుంది.

తాను పుట్టి బుద్ధెరిగి వద్దు అన్న మాట అనలేదన్న సంగతి ఆ రాసేటప్పుడు ఆయనకు తట్టలేదు. తన ‘చూద్దాం’ కంటే బలమైన వద్దు లోకంలో ఉందని ఆయన అనుకోలేదు. పదకొండేళ్లలో దాన్ని దాటి వెళ్లిన ప్రతిపాదన ఒక్కటీ లేదాయె.

ఎన్నికలయ్యాయి. అందరికంటే ఎక్కువ ఓట్లు కోటిరత్నానికి వచ్చాయి. నాగభూషణం రెండోవాడు. మూడోవాడు మార్కాపురంలో కాలేజీ లెక్చరరు ఉమామహేశ్వర్లు, గిద్దకు మొదటినుంచీ తోడున్నవాడు. మిగతా ఇద్దరూ బెంగుళూరువాళ్లు. “మన పిల్లే మొదట వచ్చింది” అని నాగభూషణం అంగటికొచ్చిన అందరికీ చెప్పాడు.

కార్తీకంలో కోటిరత్నం ప్రతిపాదన పెట్టింది. గిద్ద తాళం ఒక్కరి దగ్గర కాక సంఘం దగ్గర ఉండాలి. గడిచిన ఏడాదిలో తన ముందుకు వచ్చిన ఒక్క ప్రతిపాదనకైనా ఔననో కాదనో తేల్చి చెప్పని సభ్యుడికి తాళమూ ఓటూ ఉండవు. అలాంటివారి పేరు మొదటి పేజీ పైన ‘ఆద్యులు’ అని గౌరవంగా ఉంటుంది.

నాగభూషణం చదివి నవ్వుకున్నాడు. పిల్లకు ఇంకా కోపం పోలేదనుకున్నాడు. కింద రాశాడు. ‘మంచి ఆలోచన అమ్మా. చూద్దాం.’ రాసి, జీలకర్ర పొట్లాలు కట్టుకోవడంలో పడిపోయాడు. బెంగుళూరువాళ్లు ఆ మాట చదివి, ఆయనకు ఇష్టమేనని సంతోషించారు. ఉమామహేశ్వర్లు చదివి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పదహారో రోజు మధ్యాహ్నం ఎవరో బడిపిల్ల పట్టిచ్చిన చిన్న తప్పును దిద్ది చేర్చబోతే తెర మీద ఒక వరుస వచ్చింది. ‘మీకు అనుమతి లేదు.’ నాగభూషణం మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే వచ్చింది. తన అంగట్లో, తన కాటా పక్కన, ఆ మాట తననే చూస్తోంది. ఉమామహేశ్వర్లుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సంఘం అత్యవసరంగా కలవాలని అందరికీ రాశాడు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి వీడియోలో కలుద్దామని కోటిరత్నం జవాబిచ్చింది.

శుక్రవారం సాయంత్రం అంటే అంగట్లో దీపం పెట్టే వేళ. దుర్గాంబ లక్ష్మీదేవి పటం ముందు ప్రమిద వెలిగించి, కొడుకు పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. తెర మీద నాలుగు ముఖాలు కనిపించాయి. కోటిరత్నం ఆసుపత్రి యూనిఫాంలోనే ఉంది.

“నమస్కారం సార్” అంది.

ఆ ‘సార్’ నాగభూషణానికి చెంప మీద తగిలింది. అయినా నవ్వుతూనే మొదలుపెట్టాడు. “ఏంది తల్లీ ఇది, ఏదో పొరపాటు జరిగినట్టుంది. నాకు తాళం తెరుచుకోడంలా.”

“పొరపాటు కాదు సార్. ఏడో నిబంధన. పదిహేను రోజుల్లో ఎవరూ వద్దని రాయలేదు.”

“నేను రాసినా గదమ్మా. చూద్దామని.”

బెంగుళూరాయన తెల్లబోయాడు. “అవును సార్, మంచి ఆలోచన అని కూడా రాశారు. మీరు ఒప్పుకున్నారనే మేమనుకున్నాం.”

“అట్ల కాదు బాబూ. మా పక్క చూద్దామంటే...” నాగభూషణం ఆగాడు. చూద్దామంటే కాదని అర్థం అని చెప్పాలి. చెబితే ఆ నూటనలభై ప్రతిపాదనలకూ అదే అర్థమని చెప్పినట్టు. పదకొండేళ్లుగా ఎవరినీ కాదనని మంచి మనిషి అదే మాటతో మంటగలిసిపోతాడు. ఉమామహేశ్వర్లు వైపు తిరిగాడు. “నువ్వు చెప్పన్నా. మన ఊళ్లో మాట నీకు తెల్సుగదా.”

ఉమామహేశ్వర్లు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాలుగేళ్ల కింద ఆయన పంపిన రెండే రెండు వరుసల దిద్దుబాటు కింద కూడా ‘చూద్దాం అన్నా’ అని ఉంది. “చూద్దామంటే చూద్దామనేలే బూషణం” అన్నాడు మెల్లగా. “అంతకుమించి ఏముంటది?”

అప్పుడు కోటిరత్నం కుర్చీ ముందుకు జరుపుకుంది.

“సార్, నిబంధనలో లేకపోయినా నేనొక మాటిస్తా. నా ప్రతిపాదన నేనే వెనక్కి తీసుకుంటా. మీ తాళం మీకిచ్చేస్తా. ఇప్పుడు, మా అందరి ముందర, ‘వద్దు కోటిరత్నం’ అని ఒక్క మాట అనండి. చాలు.”

నాగభూషణం నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన తల్లి అతని నోటివంకే చూస్తోంది. పటం ముందు దీపం వెలుగుతోంది. మెట్ల మీద ఎవరో ఆడమనిషి నూనె సీసా పట్టుకుని నిలబడి ఉంది. వద్దు అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆ క్షణంలో ఆయన కళ్ల ముందు తాళం కనపడలేదు. తెర మీది నలుగురూ, తల్లీ, నూనె సీసా మనిషీ, అందరూ తనను ఎలాంటి మనిషి అనుకుంటారోనన్న భయం ఒక్కటే కనపడింది. ఆ పిల్ల ప్రతిపాదనను నలుగురిలో మొహం మీదే కాదన్నవాడు అవుతాడు. నలభై ఆరేళ్ల వయసులో కొత్తగా చెడ్డవాడవడం ఎలాగో ఆయనకు తెలియలేదు.

“అంత మాటెందుకమ్మా” అన్నాడు. “మన పిల్లవి. చూద్దాంలే.”

కోటిరత్నం నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన ఆ మాట అనలేడని ఆమెకు తెలుసు. తెలిసే ఆ బేరం పెట్టింది. తండ్రి మెట్టు కింద నిలబడి అడిగిన చోటే ఈయనను నిలబెట్టి, తండ్రికి దొరికిన జవాబే ఈయన చేత ఈయనకే చెప్పించింది. “అయితే ప్రతిపాదన చెల్లింది. రాసుకోండి” అని బెంగుళూరువాళ్లకు చెప్పి తెర మూసేసింది.

“ఏందిరా ఆ పిల్ల అడిగింది?” అంది దుర్గాంబ.

“ఏదో అడిగింది. ఇచ్చేసినా.”

“మంచి పని చేసినావు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనుంటది” అంది తల్లి, నూనె సీసా అందుకుంటూ.

వారంలోపల గిద్ద గుండెకాయ మారిపోయింది. నాగభూషణం పదివేల వరుసలూ పోయి కోటిరత్నం రెండువేల వరుసలూ వచ్చాయి. నూటనలభై పాత ప్రతిపాదనల్లో తొంభై దాకా ఒక్కొక్కటిగా లోపలికి చేరాయి. మిగిలినవాటికి కోటిరత్నం ‘వద్దు, ఇందువల్ల’ అని కారణం రాసి మూసేసింది. వద్దనిపించుకున్నవాళ్లు ఆమెకు కృతజ్ఞతలు చెప్పారు. అది చదివినప్పుడు నాగభూషణానికి నిజంగా ఏడుపొచ్చింది. మొదటి పేజీ పైన మాత్రం ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, ‘ఆద్యులు’ అని. పటానికి దండ వేసినట్టే ఉంది.

నెల రోజులు బిగబట్టాడు. ఆపైన ఉండలేకపోయాడు. గిద్దలో పిల్లల పాఠాలని ఒక చిన్న భాగం ఉంది. ఆదివారం తరగతుల కోసం ఆయన రాసిన నలభై పాఠాలు. లెక్కల్లో గొర్రెలు, గోనెలు, ఆనాటి పిల్లల పేర్లు. మూడో పాఠంలో ‘కోటిరత్నం దగ్గర ఆరు జామకాయలు ఉన్నాయి’ అని ఉంటుంది. వాటిని ఎవరో నగరం భాషలోకి దిద్దబోతున్నారని తెలిసింది. కోటిరత్నానికి ఉత్తరం రాశాడు. తొమ్మిదిసార్లు రాసి తొమ్మిదిసార్లు తుడిచి పదోసారి పంపాడు.

‘తల్లీ, పెద్ద తాళం నాకొద్దు. ఆ పాఠాల గది ఒక్కదానికి తాళం ఇయ్యి. ఇంకోటి ముట్టుకోను. నిన్ను ఇంకేమీ అడగను.’

నాకొద్దు అన్న మాట తన వేలితోనే కొట్టాడని ఆయన గమనించలేదు. తనకు తాను వద్దనుకోవడం ఆయనకు సులువే.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది.

‘తప్పకుండా చిన్నాయనా. చూద్దాం.’

ఆ మాటకు అర్థం ఈ భూమ్మీద నాగభూషణానికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. మాలకొండయ్య అయితే అక్కడే తువ్వాలు దులుపుకుని లేచేవాడు. నాగభూషణం లేవలేదు. ఆ వరుసను మళ్లీ మళ్లీ చదివాడు. తప్పకుండా అంది గదా అనుకున్నాడు. సార్ అనకుండా చిన్నాయనా అంది గదా అనుకున్నాడు. ఊళ్లోవాళ్లతో అంటే వేరు, నా చేతుల్లో పెరిగిన పిల్ల నాతో అలా అంటుందా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున అంగడి షట్టరు ఎత్తకముందే లాప్‌టాప్ తెరిచి చూశాడు. ఆ మర్నాడూ చూశాడు. సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది. పాఠాల్లోంచి గొర్రెలూ గోనెలూ ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. మూడో పాఠంలో జామకాయలు ఇప్పుడు ఇంకెవరి దగ్గరో ఉన్నాయి.

“ఏందిరా రోజూ చీకటితోనే లేసి దాంట్లో చూస్తావు?” అని ఒకరోజు దుర్గాంబ అడిగింది. “ఏమన్నా వచ్చేదుందా?”

“ఉందమ్మా” అన్నాడు నాగభూషణం. “వస్తదిలే.”